ఐరిష్ మనవడు ఏ గళ్ళు కట్టాలి?

బోస్టన్‌లో ఉండే ఒక మర్ఫీకి పెళ్ళి కుదిరిందనుకుందాం. అతని ముత్తాత తండ్రి ఐర్లాండ్‌లో కరవుకు తాళలేక ఓడెక్కి వచ్చినవాడు. ఆ ఇంట్లో ఐరిష్ భాష పోయి తరాలైంది. యాస పోయింది, వంటా పోయింది. ఇంటిపేరొక్కటే మిగిలింది. పెళ్ళినాడైనా తనవాళ్ళ గుర్తు ఒంటిమీద ఉండాలని కుర్రాడి కోరిక. నడుము నుంచి మోకాలి దాకా వచ్చే కుచ్చిళ్ళ ఉన్ని వస్త్రం, కిల్ట్, కుట్టించుకుందామని దుకాణానికి వెళ్తే దర్జీ నోట వచ్చిన మొదటి మాట: "మీ టార్టన్ ఏదండీ?" టార్టన్ అంటే రంగుల గళ్ళ నమూనా.

అమెరికాలో తమది ఐరిష్ మూలం అని చెప్పుకునేవాళ్ళు 3 కోట్ల పైమాటే. ఐర్లాండ్ ద్వీపం మొత్తం జనాభా 70 లక్షల చిల్లర. కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో స్థిరపడ్డవాళ్ళు వీళ్ళకు అదనం. కిల్ట్ కట్టాలని ముచ్చటపడే ప్రతి ఐరిష్ మనవడికీ దర్జీ అడిగే ఈ ప్రశ్న తప్పదు. దుకాణాల్లో జవాబులకు కొదవలేదు. ఇంటిపేరు టార్టన్ అంటారు, కౌంటీ (జిల్లా) టార్టన్ అంటారు, జాతీయ టార్టన్ అంటారు, సెయింట్ ప్యాట్రిక్ పేరు మీదా ఒకటి చూపిస్తారు. వాటిలో ఏది ఎప్పుడు పుట్టింది, ఎవరు పుట్టించారు అన్నది మాత్రం విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ.

అందుకే నిజం ముందే చెప్పేస్తాను. ఇంటిపేరుకో టార్టన్ అనే ఆచారం పాత ఐర్లాండ్‌లో ఏనాడూ లేదు. ఐర్లాండ్ ప్రభుత్వం ఇది మాది అని అధికారికంగా ప్రకటించిన టార్టన్ కూడా లేదు. ఇవాళ ఐరిష్ పేరుతో అమ్ముడయ్యే గళ్ళలో ఎక్కువ భాగం 20వ శతాబ్దం చివరి దశకాల్లో గీసినవి. ఇంత తెలిసినా ఆ మర్ఫీ కోరిక తప్పని నేననను. ముత్తాతల్ని తలుచుకుని ఒక బట్ట కట్టాలనుకోవడం మంచి కోరిక. దానికి తగ్గ శ్రమ కొంత పడాలి, అంతే. ఆ శ్రమ ఎక్కడ పడాలో చెప్పడానికే ఈ కథనం.

పడుగులో ఏ వరసో పేకలోనూ అదే

టార్టన్ గుట్టును చీరాల నేతగాడైనా, పోచంపల్లి నేతగాడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. పడుగులో రంగు దారాలు ఏ వరసన వేశారో పేకలోనూ అదే వరసన వేస్తారు. రెండు దారాల మీదుగా, రెండు దారాల కిందుగా పోయే ఏటవాలు నేత అది. ఎరుపు ఎరుపును దాటినచోట నిండు ఎరుపు కనిపిస్తుంది. ఎరుపు మీదికి పచ్చ వచ్చినచోట రెండూ కలిసిన మూడో ఛాయ తేలుతుంది. 6 రంగుల దారం వాడితే బట్ట మీద 21 ఛాయలు కనబడతాయి. వరస మొదటినుంచి మళ్ళీ మొదలయ్యేదాకా ఉండే భాగాన్ని 'సెట్' అంటారు. చాలా టార్టన్లలో వరస ఒకచోటికి వచ్చి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. ఏ రంగుకు ఎన్ని దారాలు అన్న లెక్క కాగితం మీద ఉంటే చాలు, ఏ దేశంలో ఏ మగ్గం మీదైనా అవే గళ్ళు దిగుతాయి. గళ్ళకు పేరు పెట్టి రిజిస్టరు చేయడం వీలైంది ఈ లెక్క వల్లే.

గళ్ళకూ వంశాలకూ ముడిపడింది స్కాట్లాండ్‌లో. అక్కడ కూడా ఆ ముడి మనం అనుకున్నంత పాతది కాదు. లండన్ ప్రభుత్వం మీద జరిగిన 1745 తిరుగుబాటును అణిచాక, హైలాండ్ (స్కాట్లాండ్ కొండసీమ) దుస్తులు మగవాళ్ళు ధరించకూడదని 1746లో లండన్ పార్లమెంటు చట్టం చేసింది. సైన్యంలో ఉన్నవాళ్ళకే మినహాయింపు. 1782లో ఆ చట్టం ఎత్తేసేనాటికి ఒక తరం దాటిపోయింది. ఆ తర్వాత బానక్‌బర్న్‌లోని విల్సన్స్ మిల్లు పల్టన్లకూ పెద్దింటివాళ్ళకూ గళ్ళు నేసి, వాటికి పేర్లు పెడుతూ పోయింది. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ, మీ వంశం టార్టన్ నమూనా పంపండి అని పెద్దలకు కబురు పెట్టింది. 1822లో రాజు నాలుగో జార్జ్ ఎడిన్‌బరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఊరేగింపుల బాధ్యత నెత్తిన వేసుకుని ఊరంతటికీ గళ్ళు కట్టించాడు. 1842లో సోబియెస్కీ స్టువర్ట్ సోదరులు 'వెస్టియారియం స్కాటికం' అనే పుస్తకం అచ్చువేసి, ప్రాచీన రాతప్రతి ఆధారంగా రాశామన్నారు. ఆ రాతప్రతి కల్పితమని తేలింది. అందులోని గళ్ళు మాత్రం నిలిచిపోయాయి. నేటికీ ఎన్నో స్కాటిష్ కుటుంబాలు పెళ్ళిళ్ళకూ చావులకూ అవే కట్టుకుంటున్నాయి. హ్యూ ట్రెవర్-రోపర్ అనే చరిత్రకారుడు 1983లో వచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ కథంతా ఏకిపారేశాడు. చదివినవాళ్ళు కిల్ట్‌లు విప్పేయలేదు, విప్పాల్సిన పనీ లేదు. నాలుగైదు తరాలు నిష్ఠగా కట్టుకున్న బట్ట ఆ ఇంటిదే అవుతుంది.

మట్టిలో దొరికిన లాగు

పాత ఐర్లాండ్‌లో జనం కట్టిన బట్టలు వేరు. లోపల 'లేన్యే' అనే పొడవాటి నార చొక్కా, పైన 'బ్రాట్' అనే బరువైన ఉన్ని దుప్పటి. గొప్పింటివాళ్ళ చొక్కాకు కుంకుమపువ్వు రంగు అద్దేవాళ్ళు. చేతులు వేలాడేంత వెడల్పుగా, మడతలు మడతలుగా గజాల కొద్దీ గుడ్డ పట్టేది. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1521లో గీసిన ఐరిష్ సైనికుల బొమ్మలో ఆ కాలపు వేషం కనిపిస్తుంది. అందులో కిల్ట్ లేదు. ఇంగ్లాండ్ రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో, 1537లో వచ్చిన చట్టం ఈ కుంకుమరంగు చొక్కా వేయకూడదనీ, చొక్కాకు 7 గజాలకు మించి గుడ్డ వాడకూడదనీ ఆంక్ష పెట్టింది. ఎవరెన్ని గజాలు తొడుక్కోవాలో కూడా పాలకుడే తేల్చాడంటే, ఆ వేషం జనానికి ఎంత ఆత్మగౌరవం ఇచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మరి ఐర్లాండ్‌లో పాత టార్టన్ అసలే లేదా? ఒకటి ఉంది. దాని కథ నాకు చాలా ఇష్టం.

1956లో ఉత్తర ఐర్లాండ్‌లోని డంగివెన్ ఊరి దగ్గర, ఫ్లాండర్స్ అనే పల్లెలో ఒక కూలీ మట్టికట్ట తవ్వుతున్నాడు. పారకు గుడ్డలు తగిలాయి. తీసి చూస్తే అర్ధచంద్రాకారపు ఉన్ని దుప్పటి, ఒక జాకెట్టు, తోలు చెప్పులు, కాళ్ళకు అతుక్కుపోయేలా కుట్టిన గళ్ళ లాగు. పీట్ అనే నల్లటి బురదమట్టి ఆ గుడ్డలు కుళ్ళిపోకుండా కాపాడింది, కానీ రంగులన్నిటినీ గోధుమవన్నెకు తిప్పేసింది. నిపుణులు కుట్టునూ నేతనూ చూసి అవి 1600 ప్రాంతం నుంచి ఆ శతాబ్దం మధ్య దాకా ఉన్న కాలానివని లెక్కగట్టారు. గుడ్డను ఏటవాలుగా కత్తిరించి కుట్టడం వల్ల లాగు మీద గళ్ళు వాలుగా పడ్డాయి. అలా కత్తిరిస్తే బట్ట సాగుతుంది, మోకాలు మడవడానికి ఇబ్బంది ఉండదు. కుట్టినవాడు పనితనం తెలిసినవాడు. జాకెట్టూ దుప్పటీ ఐరిష్ పద్ధతివి, లాగు మాత్రం సముద్రానికి అవతల ఉన్న స్కాటిష్ హైలాండర్లు తొడిగే తరహాది. ఐర్లాండ్ ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌కూ స్కాట్లాండ్ పడమటి తీరానికీ మధ్య పడవ ప్రయాణం ఎంత దగ్గరో తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనిపించదు. ఒకే మనిషి ఒంటిమీద రెండు తీరాల బట్టలు కలిశాయి.

ఇప్పుడవి బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ లాగు మీది గళ్ళ లెక్క ఆధారంగానే 'అల్‌స్టర్' టార్టన్ నేస్తున్నారు. మట్టిలో మాగిన గోధుమవన్నెలో ఒకటి, అసలు రంగులు ఇలా ఉండి ఉంటాయని అంచనా వేసి నేసిన ఎరుపువన్నెలో మరొకటి. ఒక వంశానికో ఇంటిపేరుకో ఇది చెందదు. అది తొడిగిన మనిషి ఎవరో కూడా తెలియదు. ఒక ప్రాంతానికి చెందిన బట్ట ఇది. ఐరిష్ టార్టన్లన్నిటిలో మట్టిలోంచి వచ్చిన సాక్ష్యం వెనకున్నది దీనికే. అది కూడా కిల్ట్ కాదు, లాగు అని గుర్తుంచుకోవాలి.

కుంకుమరంగు కిల్ట్

కిల్ట్ ఐర్లాండ్‌కు వచ్చింది 19వ శతాబ్దం చివర్లో, జాతీయోద్యమం వెంట. 1893లో డగ్లస్ హైడ్ తదితరులు స్థాపించిన గేలిక్ లీగ్ భాషనూ పాటనూ ఆటనూ తిరిగి నిలబెట్టే పనిలో ఉంది. భాష ఉంది, వాద్యం ఉంది, మరి మన దుస్తులేవి? ఇంగ్లీషువాడి కోటుకు బదులు ఏం తొడగాలి? కొందరు పండితులు పాత చొక్కా బొమ్మల్నీ శిల్పాల్నీ చూసి కిల్ట్ మన పూర్వీకులదే అన్నారు. పి.డబ్ల్యు. జాయిస్ 1903లో ప్రాచీన ఐర్లాండ్ సాంఘిక చరిత్రలో ఆ మాటే రాశాడు. 1943లో హెచ్.ఎఫ్. మెక్‌క్లింటాక్ ఆధారాలన్నీ పరిశీలించి, పాత ఐరిష్ వాళ్ళు కిల్ట్ కట్టలేదని తేల్చాడు. అప్పటికి దాదాపు అర్ధశతాబ్దం నుంచి జనం కట్టుకుంటూనే ఉన్నారు.

వాళ్ళు గళ్ళ జోలికి పోలేదు. గళ్ళు స్కాట్లాండ్‌వి. చట్టం నిషేధించిన ఆ పాత చొక్కా రంగును తెచ్చి కిల్ట్‌కు వేశారు. ఏకరంగు కుంకుమవన్నె, దగ్గర్నుంచి చూస్తే ఆవపిండి రంగుకు చేరువ. లార్డ్ ఆష్‌బోర్న్ అనే ప్రభువు ఈ వేషంలోనే లండన్‌లో తిరిగేవాడు. 1908లో జాతీయవాది ప్యాట్రిక్ పియర్స్ డబ్లిన్‌లో స్థాపించిన సెయింట్ ఎండా బడి పిల్లలు కిల్ట్‌లు కట్టారు. 1910లో లస్క్ గ్రామంలో బడిపంతులు థామస్ ఆష్ బ్లాక్ రేవన్ అనే బ్యాగ్‌పైపుల బృందం పెట్టాడు. పియర్స్‌ను బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత కాల్చి చంపారు. ఆష్ 1917లో నిరాహారదీక్షలో ఉండగా, బలవంతంగా తినిపించబోతే ప్రాణం పోగొట్టుకున్నాడు.

1916లోనే మరోవైపు ఇదే కిల్ట్ బ్రిటిష్ సైన్యంలోకీ వెళ్ళింది. ఐరిష్ గార్డ్స్ రెజిమెంటు తన పైపర్లకు (బ్యాగ్‌పైపు వాయించేవాళ్ళకు) కుంకుమరంగు కిల్ట్ ఇచ్చింది. నేటికీ బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఐరిష్ గార్డ్స్ కవాతు చేస్తే ముందు నడిచే పైపర్ల నడుముకు అదే రంగు. స్వతంత్ర ఐర్లాండ్ సైన్యంలోని పైపర్లూ అదే కడతారు. తిరుగుబాటుదారుడూ, అతని మీద తుపాకీ ఎక్కుపెట్టిన పక్షంవాడూ ఒకే రంగును మాది అన్నారు. ఇన్ని ప్రాణాలు పెనవేసుకున్న ఈ ఏకరంగు బట్టను 'గళ్ళు లేవు, వెలితిగా ఉంది' అని పక్కన పెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఐరిష్ కిల్ట్‌కు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఎక్కడైనా ఉందంటే, అది ఈ రంగుకే ఉంది.

32 కౌంటీలకు 32 గళ్ళు

మరి దుకాణంలో కనిపించే మర్ఫీ, కార్క్, ఆఫలీ టార్టన్లు ఎక్కడివి? ఐరిష్ పేర్లతో కొన్ని గళ్ళు 1880 ప్రాంతంలోనే పారిస్‌లో వచ్చిన ఒక నమూనాల పుస్తకంలో ఉన్నాయి. ఫ్యాషన్ వ్యాపారులు బట్టకు ఆకర్షణ కోసం పెట్టిన పేర్లవి. అసలు వెల్లువ వచ్చింది 1990ల మధ్యలో. స్కాట్లాండ్ పెర్త్‌లోని హౌస్ ఆఫ్ ఎడ్గర్ అనే నేత సంస్థ కోసం పాలీ విటరింగ్ అనే డిజైనర్ ఐర్లాండ్ 32 కౌంటీలకూ ఒక్కో టార్టన్ గీసింది. ఇంగ్లాండ్ యార్క్‌షైర్‌లోని మార్టన్ మిల్స్ కౌంటీ చిహ్నాల రంగులు తీసుకుని తన సొంత వరస నేసింది. అందువల్ల కార్క్ అనే పేరుకు ఒకదానికొకటి పోలికే లేని గళ్ళు దొరుకుతాయి. రెండూ కార్క్‌వే. ఏది సరైనదని అడిగితే జవాబు లేదు. ఒకటి డిజైనర్ కంటికి నచ్చిన కూర్పు, ఇంకొకటి చిహ్నం రంగుల కూర్పు.

ఈ పేర్లన్నీ నమోదయ్యేది ఎడిన్‌బరోలో. 2008 చట్టంతో స్కాట్లాండ్ పార్లమెంటు టార్టన్ల రిజిస్టరు ఏర్పాటు చేసింది, 2009 నుంచి అది పనిచేస్తోంది. రుసుము కట్టి, కొత్త గళ్ళ లెక్క ఇచ్చి, ఆ పేరుతో తనకు సంబంధం ఉందని చూపితే ఎవరైనా నమోదు చేయించుకోవచ్చు. స్కాట్లాండ్‌లో స్థిరపడ్డ ఒక సిక్కు పెద్దమనిషి 1999లోనే 'సింగ్' టార్టన్ నేయించాడు. నమోదైందంటే ప్రాచీనమని అర్థం కాదు. లెక్క భద్రంగా ఉందని మాత్రమే అర్థం.

ఇంటిపేరా, ఊరా?

మన మర్ఫీ దగ్గరికి వద్దాం. దుకాణదారు 'మర్ఫీ టార్టన్' చూపిస్తే అతను సంబరపడతాడు. నేనైతే వద్దంటాను. మర్ఫీ ఐర్లాండ్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు. వెక్స్‌ఫర్డ్ మర్ఫీలు వేరు, కార్క్ మర్ఫీలు వేరు, ఉత్తరాన ఉన్న మర్ఫీలు వేరు. రక్తసంబంధం లేని వేర్వేరు కుదుళ్ళకు ఒకే పేరు స్థిరపడింది. ఇంటిపేర్ల పరిశోధనకు జీవితం ధారపోసిన ఎడ్వర్డ్ మెక్‌లైసాట్ పుస్తకాలు తిరగేస్తే ఇలాంటివి ఎన్నో కనిపిస్తాయి. ఇంటిపేరు గళ్ళు కట్టుకున్న కార్క్ మర్ఫీ, తనకు ఏమీ కాని వెక్స్‌ఫర్డ్ మర్ఫీ వంశాన్ని కూడా నెత్తిన పెట్టుకున్నట్టే.

కౌంటీ అలా కాదు. ముత్తాత పుట్టిన ఊరు ఒక్కటే ఉంటుంది, ఆ ఊరు ఒక్క కౌంటీలోనే ఉంటుంది. ఐర్లాండ్‌లో మనుషులు తమను తాము చెప్పుకునే తీరూ అదే. హర్లింగ్ ఆట ఫైనల్‌కు కౌంటీ రంగుల చొక్కా వేసుకుని పోతారు. సమాధి రాళ్ళ మీద, అమెరికాలో చనిపోయినవాడికైనా, ఫలానా కౌంటీ ఫలానా పారిష్‌లో (చర్చి పరిధిలో) పుట్టినవాడు అని చెక్కించారు. కౌంటీ గళ్ళు కొత్తవే కావచ్చు, వాటి వెనక ఉన్న బంధం మాత్రం పాతది.

చిక్కల్లా ఆ ఊరు కనుక్కోవడంలోనే ఉంది. 1845 నుంచి 1852 దాకా సాగిన మహా కరవులో బంగాళాదుంప పంట కుళ్ళి సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గని సంఖ్యలో దేశం వదిలారు. అమెరికా రేవులో గుమాస్తా వాళ్ళ పేరు పక్కన 'ఐర్లాండ్' అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. ఇటు ఐర్లాండ్‌లో 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనం పేలి, పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనగణనల పత్రాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. తర్వాతి నాలుగింటి పత్రాలను ప్రభుత్వమే ముందే నాశనం చేసింది, వాటిలో 1881, 1891ల కాగితాలు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గుజ్జుకు పోయాయి. కరవుకు ముందూ వెనకా ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పాల్సిన కాగితాలు అలా పోయాయి.

దారులు మాత్రం పూర్తిగా మూసుకుపోలేదు. 1901, 1911 జనగణన పత్రాలు ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర భద్రంగా ఉన్నాయి, ఎవరైనా పైసా కట్టకుండా కంప్యూటర్‌లో చూడొచ్చు. 1847-1864 మధ్య జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్ ఏ పల్లెలో ఏ కౌలుదారు ఎంత భూమి సాగుచేశాడో చెబుతుంది. క్యాథలిక్ చర్చిల బాప్తిస్మ, వివాహ పుస్తకాలను నేషనల్ లైబ్రరీ 2015లో అందరికీ తెరిచింది. ఫోర్ కోర్ట్స్‌లో కాలిపోయినవాటికి ఇతర చోట్ల దొరికిన నకళ్ళను పోగుచేసి 2022లో ఒక డిజిటల్ భాండాగారం ప్రారంభించారు.

వీటన్నిటిలో నా మనసును పట్టుకున్నది బోస్టన్ 'పైలట్' పత్రిక. 1831 నుంచి 1921 దాకా అందులో తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వచ్చేవి. ఫలానా కౌంటీ ఫలానా పారిష్‌కు చెందిన నా తమ్ముడు ఫలానా ఏడు వచ్చాడు, కాలువ పనిలోనో రైలు పట్టాల పనిలోనో ఉన్నాడని విన్నాం, తెలిసినవాళ్ళు అక్క చిరునామాకు రాయండి. అప్పట్లో ఇవి దుఃఖంతో ఇచ్చిన ప్రకటనలు. ఇప్పుడు ముత్తాతల ఊరు వెతికే మనవళ్ళకు ఇంతకు మించిన ఆధారం అరుదు. రేవు గుమాస్తా రాయని ఊరి పేరును అక్కాచెల్లెళ్ళు రాసిపెట్టారు.

ఊరు దొరికితే ఏమవుతుందో ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. బరాక్ ఒబామా తల్లి వైపు పూర్వీకుల్లో చెప్పులు కుట్టేవాడి కొడుకైన ఫాల్మత్ కియర్నీ అనే ఆయన 1850లో అమెరికా చేరాడు. చర్చి పుస్తకాలు వెతికితే ఆ కుటుంబం మనీగాల్ అనే చిన్న ఊరిదని తేలింది. 2011 మేలో అధ్యక్షుడి హోదాలో ఒబామా ఆ ఊరి వీధిలో నడిచాడు. మనీగాల్ ఆఫలీ కౌంటీలో, టిప్పరరీ పొలిమేరను ఆనుకుని ఉంటుంది. పాత కాగితాల్లో వెతికేవాడికి ఆఫలీ అనే పేరే కనబడదు. బ్రిటిష్ కాలంలో దాన్ని కింగ్స్ కౌంటీ అనేవారు. నేటి లీష్ అప్పట్లో క్వీన్స్ కౌంటీ. ఈ సంగతి తెలియక వెతుకులాట మధ్యలో వదిలేసేవాళ్ళున్నారు.

కాబట్టి మర్ఫీకి నా సలహా ఇది. కౌంటీ తెలిస్తే ఆ కౌంటీ గళ్ళే కట్టు, రెండు మిల్లులవీ పక్కపక్కన పెట్టుకుని కంటికి నచ్చినది తీసుకో, అది ఎవరు ఎప్పుడు గీశారో గుర్తుపెట్టుకో. ముత్తాతది అల్‌స్టర్‌లోని 9 కౌంటీల్లో ఏదైనా అయితే డంగివెన్ గళ్ళకు మించినది లేదు. 1609 నుంచి సాగిన ప్లాంటేషన్ అనే వలస పథకంలో స్కాట్లాండ్ నుంచి అల్‌స్టర్‌కు వచ్చి, అక్కడినుంచి అమెరికాకు వెళ్ళిన కుటుంబమైతే పాత స్కాటిష్ వంశం గళ్ళు కట్టినా తప్పులేదు. ఎంత వెతికినా ఊరు దొరకకపోతే కుంకుమరంగు కట్టు. ఇంటిపేరు గళ్ళు మాత్రం ఆ పేరుగల కుదురు తనకు తానుగా కూడి, ఇది మనది అని తీర్మానించుకుంటేనే.

బట్ట చేతిలోకి వచ్చాక

మంచి కిల్ట్‌కు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది. గజం బరువు 13 నుంచి 16 ఔన్సులు. తేలిక బట్ట వేసవికి హాయి, కానీ కుచ్చిళ్ళు నిలవవు. బరువైన బట్ట నడిచేటప్పుడు మోకాళ్ళ వెనక ఊగి మళ్ళీ తన చోటికి వచ్చి పడుతుంది. ముందువైపు రెండు పొరలు సాపుగా ఒకదానిమీదొకటి వస్తాయి, కుచ్చిళ్ళన్నీ వెనకే. నడుము పట్టీ బొడ్డు దగ్గర, అంచు మోకాలి మధ్యకు.

అసలు పనితనం కుచ్చిళ్ళలో ఉంది. ఒక పద్ధతిలో గళ్ళ వరస చెడకుండా మడుస్తారు. గజాల కొద్దీ బట్ట లోపల దాగి ఉన్నా వెనకనుంచి చూస్తే మడతే లేనట్టు గళ్ళు కొనసాగుతాయి. రెండో పద్ధతిలో ప్రతి కుచ్చిలి మీదికీ ఒకే చార తెస్తారు. నిలబడితే వెనకంతా ఒక రంగు, అడుగువేస్తే లోపలి రంగులు మెరిసి మాయమవుతాయి. సైనిక పల్టన్లు ఎక్కువగా వాడేది ఇదే. ఎరుపు ప్రధానంగా ఉన్న అల్‌స్టర్ గళ్ళకు మొదటిది బాగుంటుందని నా అభిప్రాయం. చేత్తో కుట్టిన కిల్ట్‌కు స్కాట్లాండ్‌లో 500 పౌండ్ల పైనే అవుతుంది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో బ్యాగ్‌పైపులతో పాటు చవక కిల్ట్‌లూ తయారవుతాయి. కట్టి చూడటానికి అవి పనికొస్తాయి, తరతరాలకు దాచుకోవడానికి ఉన్నిదే కావాలి. డబ్బు సర్దుబాటు కాకపోతే అద్దెకు తీసుకోవడంలో చిన్నతనం లేదు.

ఒకే టార్టన్ ముదురు రంగుల్లో ఒకలా, లేతగా 'ఏన్షియంట్' అన్నపుడు ఒకలా, మట్టిలో మాగినట్టు 'వెదర్డ్' అన్నపుడు ఒకలా కనిపిస్తుంది. ఈ మాటలు అద్దకం ఛాయకే సంబంధించినవి, పాతదనానికి కాదు. చిన్న నమూనా ముక్క తెప్పించుకుని పగటి వెలుతురులో చూడకుండా 8 గజాలకు డబ్బు కట్టొద్దు.

మన ఓడలు, మన ఊళ్ళు

ఊరు పోగొట్టుకున్న మనవళ్ళు మనకూ ఉన్నారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులోనూ, ఆ తర్వాత వచ్చిన ఓడల్లోనూ చెరకుతోటల పనికి కట్టుబడి వెళ్ళిన తెలుగువాళ్ళున్నారు. మారిషస్‌కు వెళ్ళారు, 1903 నుంచి ఫిజీకి వెళ్ళారు. వాళ్ళ మనవళ్ళకు నేడు భాష సరిగా రాకపోయినా ఇంటిపేరుగా మారిన తాత పేరో, ఉగాది పూజో మిగిలింది. వాళ్ళూ వెతుకుతున్నది ఊరి పేరునే. మన అదృష్టం, ఓడ జాబితాల్లో తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం రాశారు. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అయితే ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసిన ఆ ఊళ్ళ పేర్లను మన విశాఖ, గోదావరి, నెల్లూరు జిల్లాల అసలు పేర్లతో పోల్చి చెప్పగలిగేది ఇక్కడివాళ్ళే. అలాంటి ఉత్తరం మీ పంచాయతీకో, మీ బడికో వస్తే దయచేసి పక్కన పడేయకండి. ఊళ్ళో పెద్దల్ని అడిగి, రెండు ముక్కలు జవాబు రాయండి.

విదేశాల్లో పిల్లల్ని కన్న తెలుగు తల్లిదండ్రులకూ ఒక మాట. మీ తాతముత్తాతల ఊరు, పాత తాలూకా, పాత జిల్లా పేర్లు ఈ వారమే ఒక కాగితం మీద రాసి పిల్లల పేరున దాచండి. మన దగ్గర కూడా జిల్లాల పేర్లు మారాయి, ఇంకా మారతాయి.